మా యార్డులో ఆముదాలు, నా షాపులో గ్రీజు

ఆదోనిలో నాది లారీ, ట్రాక్టర్ స్పేర్ పార్టుల షాపు. మా నాయన ఆస్పరి వైపు ఊళ్లో ఇంకా సేద్యం చేస్తున్నాడు. ఆయన పండించేదానికీ నేను అమ్మేదానికీ సంబంధమే లేదని ఇంట్లో అందరి నమ్మకం. డిగ్రీలో కెమిస్ట్రీ చదివిన పాపానికి నాకు మాత్రం ఆ సంబంధం రోజూ కళ్లకు కడుతూనే ఉంటుంది. మా చేని గట్ల మీద, కంది సాళ్ల మధ్య కాసే ఆముదాలు మార్కెట్ యార్డుకొస్తాయి. అక్కడి నుంచి మిల్లుకు పోతాయి. ఆ తర్వాత ఏమయ్యాయో ఎవరికీ పట్టదు. నా షాపులో ర్యాకు మీదున్న గ్రీజు డబ్బా, మేకుకు చుట్టగా వేలాడే బ్రేక్ పైపు ఆ గింజల సంతానమే. అచ్చంగా మా చేని గింజలేనా అంటే చెప్పలేను, కానీ జాతి మాత్రం అదే.

ఇప్పుడు ఇది రాయడానికి కారణం మా చిన్నాయన కొడుకు. బెంగళూరులో ఇంజనీరింగ్ చదివి అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. పండక్కి వచ్చినప్పుడల్లా ఒక కొత్త ఐడియా తెస్తాడు. ఈసారి తెచ్చింది వేరుశనగ పొట్టు.

"అన్నా, అనంతపురం, కర్నూలు మిల్లుల్లో శనక్కాయ పొట్టు ఎంత పడుంటాదో ఎప్పుడన్నా చూసినావా? అంతా బాయిలర్లలో పోసి కాలబెడతాండారు. దాంట్లోంచి ప్లాస్టిక్, కెమికల్స్ తీయొచ్చంట. మనం ఒక యూనిట్ పెడితే ఎట్లుంటాది?"

"పొట్టు సంగతి తర్వాత చూద్దాంలే, ముందు దీన్ని ముట్టుకో" అని గ్రీజు డబ్బా మూత తీసి వాడి ముందు పెట్టాను. వేలితో కాస్త తీసి బొటనవేలి మీద రాసుకుని, "గ్రీజే కదన్నా, పెట్రోలుది" అన్నాడు. సగమే నిజం.

గ్రీజంటే చాలామంది చిక్కబడిన ఇంజన్ ఆయిల్ అనుకుంటారు. ఆయిల్ తనంతట తాను చిక్కబడదు. దాన్ని పట్టి నిలిపేది సబ్బు. సబ్బంటే ఒళ్లు రుద్దుకునేది అనుకోకండి, కొవ్వు ఆమ్లం, క్షారం కలిసి ఏర్పడేది ఏదైనా కెమిస్ట్రీలో సబ్బే. ఆ సబ్బు కంటికి కనిపించనంత సన్నటి పోగులుగా అల్లుకుని, స్పాంజి నీళ్లను పట్టుకున్నట్టు ఆయిల్‌ను తనలో పట్టి ఉంచుతుంది. ఇప్పుడు మెకానిక్కులు వాడే ఎంపీ (మల్టీ పర్పస్, అంటే అన్ని పనులకూ పనికొచ్చే) గ్రీజుల్లో ఎక్కువ భాగం లిథియం సబ్బువి. ఆ లిథియంతో కలిసే కొవ్వు ఆమ్లం ఎక్కడిదనుకున్నారు? ఆముదంలోది. ఆముదానికి నికెల్ ఉత్ప్రేరకం సాయంతో హైడ్రోజన్ పట్టిస్తే తెల్లటి గట్టి మైనంలా మారుతుంది. కరగాలంటే 85 డిగ్రీలు దాటాలి. దాన్ని విడగొడితే 12-హైడ్రాక్సీ స్టియరిక్ ఆమ్లం వస్తుంది. లిథియం హైడ్రాక్సైడ్‌తో కలిపితే గ్రీజుకు కావలసిన సబ్బు తయారు. ఇదంతా 1940లలో కుదిరిన పని. అంతకుముందు వాడిన సున్నపు గ్రీజు నీళ్లకు తట్టుకునేది గానీ వేడికి నిలిచేది కాదు. దాని అల్లికను పట్టి ఉంచేది అందులో ఉండే కాస్త నీరే. చక్రం వేడెక్కితే ఆ నీరు ఆవిరైపోయి గ్రీజు విడిపోయేది. లిథియం గ్రీజు 180 డిగ్రీల దాకా కారకుండా ఉంటుంది. బేతంచెర్ల రాయి ఎత్తుకుని వచ్చే లారీల హబ్బులు విప్పినప్పుడు చూస్తే ఆ తేడా తెలుస్తుంది. బేరింగు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది, గ్రీజు మాత్రం గోళీల మధ్య పెట్టింది పెట్టినట్టే ఉంటుంది.

డబ్బాలో సబ్బు వాటా పదో వంతు, అటూ ఇటూగా. మిగతాదంతా మినరల్ ఆయిలే. తమ్ముడు అదే పట్టుకున్నాడు. "పదో వంతేనా?" అని. ఆ పదో వంతు లేకపోతే మిగతాది గ్రీజు కాదురా, ఉత్త ఆయిల్ అన్నాను.

మా అవ్వ బతికున్నప్పుడు ఇంట్లో వంటాముదం తీసేది. ఆముదాలను మంగలంలో వేయించి, రోట్లో ముద్దగా దంచి, పెద్ద కుండలో నీళ్లు పోసి మరిగించేది. నూనె పైకి తేలేది. దాన్ని గరిటెతో నెమ్మదిగా తీసి వేరే గిన్నెలో పోసి మళ్లీ పొయ్యి మీద పెట్టేది. అప్పుడు చెవి పెట్టి వినాలి. నీటి తడి ఉన్నంతసేపూ చిటపటలాడుతుంది. ఆ చప్పుడు ఆగిన క్షణంలో దించాలి, ఇంకాసేపు ఉంచితే మాడు వాసన వస్తుంది. బాలింతలకు, పసిపిల్లల మాడుకు, మా కడుపు శుద్ధికి అదే నూనె. ఆ మడ్డి రంగు నూనెను ముక్కు మూసుకుని తాగినవాళ్లు ఇప్పటికీ దాని పేరెత్తితే మొహం ముడుచుకుంటారు. గింజలో రిసిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. అది నూనెలోకి దిగదు, చెక్కలోనే మిగిలిపోతుంది. అందుకే ఆముదం చెక్కను గొడ్లకు పెట్టరు, ఎరువుగా చేనుకు వేస్తారు. అవ్వకు రిసిన్ పేరు తెలియదు గానీ దంచిన పిప్పిని దూడలకు అందని చోట పూడ్చేది.

నూనె గింజలు ఎన్నో ఉండగా ఆముదమే ఎందుకు? శనగనూనె, పొద్దుతిరుగుడు నూనెతో గ్రీజు ఎందుకు చేయరు? ఇక్కడ కాస్త కెమిస్ట్రీ చెప్పాలి, ఓపిక పట్టండి. వంటనూనెల్లో ఉండే కొవ్వు ఆమ్లాల్లో ఎక్కువ భాగం 18 కార్బన్ల గొలుసులే. ఆముదంలోదీ 18 కార్బన్ల గొలుసే. తేడా ఏమిటంటే, ఆముదంలో 85 నుంచి 90 శాతం దాకా ఉండే రిసినోలిక్ ఆమ్లానికి పన్నెండో కార్బన్ దగ్గర ఒక హైడ్రాక్సిల్ గుంపు, అంటే ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ అతుక్కుని ఉంటాయి. తొమ్మిదో కార్బన్ దగ్గర ఒక జంట బంధం. ఇంతే. ఈ ఒక్క ఓహెచ్ వల్లే ఆముదం అంత జిగటగా ఉంటుంది, ఆల్కహాలులో కరుగుతుంది, పెట్రోలుతో సరిగా కలవదు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల రోటరీ ఇంజన్లకు ఆముదమే పోసేవారు, పెట్రోలు దాన్ని కడిగేయదని. ఇంజన్ విసిరే ఆముదపు పొగ పీల్చి పైలట్లకు కడుపు కదిలేదని చెబుతుంటారు. కాస్ట్రాల్ అన్న పేరు కూడా 1909లో ఆ కంపెనీ తన నూనెలో కలిపిన ఆముదాన్ని బట్టి వచ్చిందే. ఆ పేరున్న డబ్బాలు నా షాపులో వరసగా ఉంటాయి, చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

ఫ్యాక్టరీ దృష్టితో చూస్తే ఆ జంట బంధం, ఆ ఓహెచ్ రెండూ గొలుసును ఎక్కడ తుంచాలో చెప్పే గుర్తులు. వేడి పెట్టే పద్ధతిని బట్టి గొలుసు రెండు రకాలుగా తెగుతుంది. కాస్టిక్ సోడాతో కలిపి 250 డిగ్రీల పైన వేడిచేస్తే పది, ఎనిమిది కార్బన్ల ముక్కలుగా తెగుతుంది. పది కార్బన్లది సెబాసిక్ ఆమ్లం, ఎనిమిదిది ఒక ఆల్కహాలు. మరో పద్ధతిలో ముందు ఆముదాన్ని మెథనాల్‌తో ఎస్టరుగా మార్చి, 500 డిగ్రీలకు పైగా ఆవిరితో పగలగొడితే పదకొండు, ఏడు కార్బన్ల ముక్కలొస్తాయి. ఎటు కూడినా పద్దెనిమిదే.

ఏడు కార్బన్ల ముక్క పేరు హెప్టాల్డిహైడ్. దాన్ని బెంజాల్డిహైడ్‌తో కలిపితే మల్లెపూల వాసన వచ్చే రసాయనం తయారవుతుంది. సబ్బుల్లో, సెంట్లలో మల్లె వాసనకు దాన్ని వాడతారు. ముక్కు మూసుకుని తాగిన ఆముదంలోంచి మల్లె వాసన! ఈ సంగతి మా ఆవిడకు చెబితే నమ్మలేదు. మా షాపు కుర్రాడైతే, "అయితే అన్నా, పెళ్లికూతురు జడలో ఆముదం రాయొచ్చన్నమాట" అన్నాడు.

పదకొండు కార్బన్ల ముక్కదే అసలు కథ. అది అండెసిలినిక్ ఆమ్లంగా మారితే కాలి వేళ్ల మధ్య పట్టే ఫంగస్‌కు రాసే మందుల్లోకి పోతుంది. దానికే ఒక కొసన అమ్మోనియాతో అమైన్ గుంపు తగిలిస్తే తెల్లటి పొడి వస్తుంది, ఆ పొడి అణువులు కొసా కొసా కలుపుకుంటే నైలాన్ 11. 1940లలో ఫ్రాన్సులో దీన్ని తయారుచేశారు. సెర్కిన్యీ అనే ఊరి దగ్గర ఫ్యాక్టరీ, పక్కన రీల్ అనే ఏరు. ఆ ఏటి పేరు మీదే దానికి రిల్సాన్ అని పేరు పెట్టారు. ఇప్పుడు అర్కెమా అనే కంపెనీ దగ్గరుంది ఆ పేరు. అందులోని కార్బన్ మొత్తం ఆముదంలోంచి వచ్చిందే, పెట్రోలియంది ఒక్కటీ లేదు. మామూలు నైలాన్ కన్నా ఇది నీళ్లు చాలా తక్కువ పీలుస్తుంది, చలికి పెళుసెక్కదు, డీజిల్ తగిలినా ఉబ్బదు. అందుకని లారీల ఎయిర్ బ్రేకు గొట్టాలు, ఇంధనం పారే గొట్టాలు దీంతో చేస్తారు. షాపులో ఉన్న పైపు చుట్టలు వెలుతురులో తిప్పి చూస్తే సన్నటి అక్షరాల్లో పీఏ 11 (పీఏ అంటే పాలీఅమైడ్, నైలాన్‌కు కెమిస్ట్రీ పేరు) అనో, పీఏ 12 అనో అచ్చేసి ఉంటుంది. పదకొండు అంటే ఆముదం. పన్నెండు అంటే పెట్రోలియం నుంచి వచ్చిన దాని చెల్లెలు. గుణాలు దాదాపు ఒకటే, చాలాచోట్ల ఒకదాని బదులు ఇంకొకటి వాడతారు.

ఆ పన్నెండో రకానికి 2012లో పెద్ద దెబ్బ తగిలింది. జర్మనీలో మార్ల్ అనే చోట దాని ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలో మార్చి 31న పేలుడు జరిగి ఇద్దరు కార్మికులు చనిపోయారు. ప్రపంచంలో ఆ ముడిసరుకు చేసే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. దాంతో కార్ల కంపెనీలన్నిటికీ టెన్షన్ పట్టుకుంది. బ్రేకు గొట్టం, ఇంధనపు గొట్టం లేకపోతే అసెంబ్లీ లైను ఆగిపోతుంది కదా. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో అందరూ అత్యవసరంగా సమావేశమై ప్రత్యామ్నాయాల కోసం వెతికారు. వాళ్లు చూసిన వాటిలో ఒకటి ఆముదం నైలాన్. మా ఊరి గట్టు మీది చెట్టుకు అంత పరపతి ఉందని అప్పుడు ఆస్పరిలో ఎవరికీ తెలిసి ఉండదు.

పది కార్బన్ల సెబాసిక్ ఆమ్లం గురించి కూడా ఒక మాట. టూత్‌బ్రష్ కుచ్చుల నైలాన్‌లోకీ, విమానాల జెట్ ఇంజన్లకు పోసే నూనెల్లోకీ, ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనాల్లోకీ పోతుంది అది. ఆముదం పండించేది ఎక్కువగా మనమైతే, సెబాసిక్ ఆమ్లం ఎక్కువగా చేసేది చైనా. మన నూనె కొనుక్కుని, ఉడికించి, తుంచి, ప్రపంచానికి అమ్ముతుంది.

ఇక తమ్ముడి పొట్టు దగ్గరికొద్దాం. శనక్కాయ పొట్టులో సెల్యులోజ్ అనే నార పదార్థం, దాని బంధువు హెమీసెల్యులోజ్, రెండింటినీ అతికించి గట్టిపరిచే లిగ్నిన్ మూడూ పెనవేసుకుని ఉంటాయి. చెట్టు వాటిని కాయను కాపాడుకోవడానికి కట్టుకుంది, ఎవరో విడగొట్టుకోవడానికి కాదు. నేలలో నెలల తరబడి ఉన్నా చివకకుండా ఉండేలా తయారైన వస్తువది. దాన్ని ఆమ్లంలో ఉడికించి ఫర్ఫ్యూరాల్ అనే రసాయనం తీయొచ్చు, అందులో అబద్ధం లేదు. 1922 నాటికే అమెరికాలో క్వేకర్ ఓట్స్ కంపెనీ తన దగ్గర గుట్టలుగా మిగిలిపోయే ఓట్స్ పొట్టు నుంచి ఫర్ఫ్యూరాల్ తీసి అమ్మింది. తర్వాత డ్యూపాంట్ కంపెనీ ఆ ఫర్ఫ్యూరాల్ నుంచే నైలాన్‌కు కావలసిన ముడిసరుకు చేసింది కూడా. 1960ల మొదట్లో ఆపేసింది, పెట్రోలియం నుంచి అదే సరుకు చవగ్గా వస్తోందని. అంటే పొట్టు నుంచి నైలాన్ అన్నది మా తమ్ముడు పుట్టకముందే జరిగిపోయిన కథ. ఓడింది కెమిస్ట్రీ కాదు, ధర. ఇప్పటికీ ఫర్ఫ్యూరాల్‌కు గిరాకీ ఉంది, ఫౌండ్రీల్లో ఇసుక అచ్చులను గట్టిపరిచే రెసిన్లు దాంతోనే చేస్తారు. కానీ దానికి మొక్కజొన్న బెండు మంచిది, ఫర్ఫ్యూరాల్‌గా మారే పెంటోసాన్ అనే పదార్థం అందులో ఉన్నంత శనక్కాయ పొట్టులో ఉండదు.

"సరే, పొట్టు ఫ్రీ కదన్నా" అన్నాడు.

అదీ కాదు. మిల్లులో పొట్టు కొనేవాళ్లున్నారు. ఇటుక బట్టీలకు, బాయిలర్లకు, బ్రికెట్లకు (పొట్టును అదిమి చేసే వంటచెరుకు దిమ్మెలకు) పోతోంది. ధర పలికే సరుకును ఉచితం అనుకుని లెక్కలేస్తే ఎట్లా? పైగా రవాణా. లారీ నిండా పొట్టు ఎక్కించి పట్టా కట్టినా కాటా మీద బరువే కనిపించదు. నా దగ్గరకొచ్చే డ్రైవర్లు పొట్టు లోడంటే మొహం తిప్పుకుంటారు, చూడ్డానికి కొండంత, కిరాయికి గోరంత అని. 2022 ఆగస్టులో పానిపట్‌లో వరి గడ్డి నుంచి ఇథనాల్ తీసే ప్లాంటును ఇండియన్ ఆయిల్ మొదలుపెట్టింది. ఏడాదికి 2 లక్షల టన్నుల గడ్డి, 3 కోట్ల లీటర్ల ఇథనాల్ లక్ష్యం, 900 కోట్ల పైచిలుకు ఖర్చు. చుట్టూ ఎటు చూసినా వరి పండే చోట, ప్రభుత్వ కంపెనీ పెట్టుబడితో కట్టింది అది. మా వైపు వానను నమ్ముకున్న చేలల్లో ఒక ఏడాది పొట్టు ఉంటుంది, మరో ఏడాది కాయే ఉండదు. యూనిట్‌కు ఏం పెడతావు అని అడిగాను. వాడు ఫోన్ తీసి ఏదో లెక్క వేసుకోవడం మొదలుపెట్టాడు, అది వాడి మంచి గుణం, అలగడు.

నాకు తోచింది ఇది. చెట్టు నుంచి రసాయనాలు తీసే పనుల్లో దశాబ్దాలుగా నిలబడ్డవాటిని చూస్తే, చాలావరకు కష్టమైన పని చెట్టే ముందు చేసి పెట్టిన చోటే నిలబడ్డాయి. ఆముదంలో ఆ ఓహెచ్‌ను సరిగ్గా పన్నెండో కార్బన్ మీద పెట్టడం ఏ ఫ్యాక్టరీకైనా తలకు మించిన ఖర్చు. చెట్టు దాన్ని వానకు, ఎండకు, ఎర్రనేలలో చేసి గింజలో దాచింది. మా ఆదోనికి బాగా తెలిసిన ఇంకో ఉదాహరణ లింటర్లు. జిన్నింగ్‌లో దూది తీశాక పత్తి గింజకు అంటుకుని ఉండే పొట్టి నూగు. చూడ్డానికి చెత్తలా ఉంటుంది, శుభ్రం చేస్తే దాదాపు అచ్చమైన సెల్యులోజ్. అందుకే నైట్రోసెల్యులోజ్ లక్కలకు, అసిటేట్ ప్లాస్టిక్‌లకు దాన్ని కొంటారు. అదే చేలో మిగిలే పత్తి కట్టెలోనూ సెల్యులోజ్ ఉంది. కానీ లిగ్నిన్‌లో ఇరుక్కుని ఉంది. ముంబైలోని పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ సిర్కాట్ ఆ కట్టెతో పార్టికల్ బోర్డులు చేసి చూపించింది. మా ఊళ్లో మాత్రం ఇప్పటికీ వంటచెరుకు కాగా మిగిలింది చేలోనే తగలబెడతారు.

అంత గొప్ప పంటైతే మరి నాయన గట్టు మీదే ఎందుకు వేస్తాడు? ఈ ప్రశ్నకు జవాబు నా కెమిస్ట్రీ పుస్తకంలో లేదు, ఆయన దగ్గరుంది. "దాసరి పురుగు పడితే వారంలో ఆకు ఈనెలు మిగుల్తాయి రా. గెల మీద వాన పట్టిందంటే బూజు. ఒక గెల కోసినాక ఇంకో గెల, ఒకటే సారి వచ్చి చావదు." ఆముదం కాపు విడతలుగా వస్తుంది. మొదటి గెల ఎండి కోతకొచ్చేసరికి పక్క కొమ్మల గెలలు ఇంకా పచ్చిగా ఉంటాయి. కూలీలను మళ్లీ మళ్లీ పిలవాలి. గెల దశలో ముసురు పట్టిందంటే కాయల మీద బూడిద రంగు బూజు దూదిలా అల్లుకుని గెలకు గెల కుళ్లిపోతుంది, దానికి మందు కొట్టినా అంతంతమాత్రం. ఇన్ని తిప్పలున్నా వాన మొహం చాటేసిన ఏడు చేలో ఏదన్నా మిగిలిందంటే ఆముదమూ కందీనే. శనక్కాయకు పెట్టినంత పెట్టుబడి దీనికి పెట్టక్కర్లేదు. విత్తనాల ఖర్చు చూడండి, శనక్కాయకు ఎకరాకు బస్తాలు కావాలి, ఆముదానికి రెండు మూడు కిలోలు చాలు.

గుజరాత్ సంగతి వేరు. ప్రపంచంలో ఆముదాలు ఎక్కువగా పండేది మన దేశంలో, దేశంలో ఎక్కువగా పండేది గుజరాత్‌లో. 1968లోనే అక్కడ జీసీహెచ్-3 అనే హైబ్రిడ్ విడుదలైంది. నీళ్లు పెట్టి, మొత్తం చేనుకు చేను అదే పంటగా వేస్తారు. ఎకరా దిగుబడి మా వానాధార పంటకు రెండు మూడు రెట్లు. పంట ఉన్నచోట మిల్లులు, మిల్లులున్నచోట హైడ్రోజన్ పట్టించే ప్లాంట్లు, వాటి పక్కన కాండ్లా రేవు. ఆదోని యార్డులో ఆముదం ధర చెప్పేది కూడా ఆదోని కాదు. గుజరాత్‌లోని డీసా మార్కెట్ ధర ఎంత, ఎన్‌సీడీఈఎక్స్ అనే సరుకుల ఎక్స్ఛేంజిలో ఫ్యూచర్స్, అంటే ముందస్తు బేరాలు ఎట్లున్నాయి అని చూసుకుని ఇక్కడి వ్యాపారి పాట పాడతాడు. కనీస మద్దతు ధర ఉన్న నూనెగింజల జాబితాలో శనక్కాయ, పొద్దుతిరుగుడు, నువ్వులు, కుసుమ ఉన్నాయి. ఆముదం లేదు. తినేది కాదు కాబట్టి అనుకుంటాను. కానీ మద్దతు ధర ఉన్న పత్తిని మాత్రం ఎవరు తింటున్నారు?

నాకు గట్టిగా కడుపు మండేది తూకం దగ్గర. పోయిన సీజన్లో నాయనతో నేనూ యార్డుకు పోయాను. గింజలు శుభ్రంగా తూర్పారబట్టి, బాగా ఎండబెట్టి తెచ్చాడు. కొనేవాడు పిడికెడు తీసుకుని ఒక గింజను గోటితో చిట్లించి, పెదవి విరిచి, "తేమ ఉంది" అన్నాడు. తేమ కొలిచే మిషను బయటికి రాలేదు. తరుగు తీశారు. మా పక్క కుప్ప బూజు గెలల్లోంచి వచ్చిన తాలు గింజలు కలిసిన సరుకు, దాని ధరకూ మా ధరకూ పెద్ద తేడా లేదు. మిల్లువాడికి కావలసింది నూనె. మంచి గింజలో సగానికి కాస్త తక్కువ నూనె ఉంటుంది, తాలు గింజలో ఏముంటుంది? బూజు పట్టిన, నలిగిన గింజల నూనెలో ఆమ్లం కూడా ఎక్కువ, గ్రీజుకో నైలాన్‌కో పోయే ముందు దాన్ని శుద్ధి చేయడానికి మళ్లీ ఖర్చు. అంత సున్నితమైన కెమిస్ట్రీ మీద నడిచే పరిశ్రమకు ముడిసరుకు ఎంచడం గోటితో మొదలవుతోంది.

తమ్ముడికి ఈ మాట పట్టేసింది. "అయితే నైలాన్ ఫ్యాక్టరీ పెడదామన్నా" అంటాడేమోనని భయపడ్డాను. అనలేదు. అది మనవల్ల అయ్యే పని కాదు కూడా. 500 డిగ్రీల రియాక్టర్లు, బ్రోమిన్, అమ్మోనియా, ప్రపంచంలో కొద్ది చోట్లే ఉన్నాయి అలాంటివి. కనీసం హైడ్రోజన్ పట్టించే ప్లాంటు పెట్టాలన్నా రోజూ టన్నుల కొద్దీ నూనె కావాలి. జిల్లాలో గట్ల మీద కాసే ఆముదంతో అది నడవదు. ముందు పంట చేలోకి దిగాలి. అది దిగాలంటే మంచి గింజకు మంచి ధర కనిపించాలి. గింజల నూనె శాతం, తేమ కొలిచి ధర కట్టే పద్ధతి వస్తే చాలు, మిగతావి ఒకదాని వెంట ఒకటి వస్తాయని నా అంచనా. చెరుకులో పంచదార శాతం, పాలల్లో వెన్న శాతం చూడట్లేదా?

పొట్టు ఆలోచనను తమ్ముడు పూర్తిగా వదిలేయలేదు, బ్రికెట్ల మిల్లు వాళ్లతో మాట్లాడి వచ్చాడు. ఈలోగా మా నాయన ఈ వానాకాలం ఎర్రచేను మొత్తం ఆముదమే వేస్తానని తేల్చేశాడు. నా లెక్చర్లు విని కాదు, శనక్కాయ విత్తనాల ధర విని. తమ్ముడు బెంగళూరు నుంచి ఒక చిన్న తేమ మిషను తెస్తానన్నాడు. మొదటి గెల గింజలు, తర్వాతి గెలల గింజలు విడివిడిగా ఆరబెట్టి, నూనె శాతం టెస్ట్ చేయించి, ఆ కాగితం పట్టుకుని నేరుగా మిల్లు గేటు దగ్గరికే పోదామని వాడి ప్లాను. "కాగితం చూసి నవ్వుతారేమో" అన్నాడు నాయన. నవ్వినా సరే, క్వింటాలు మీద వంద రూపాయలు ఎక్కువ పలికినా సరే, డిసెంబరులో ఇక్కడే రాస్తాను.